నలభై వాట్లు

రాజోలు బస్టాండు వెనక, తూము పక్కన మా కొట్టు.
ఫ్యాన్లు, మిక్సీలు, రొయ్యల చెరువుల మోటార్లు,
కాలిపోయిందేదైనా పాత తీగ విప్పి కొత్త తీగ చుడతాను.
ముప్ఫై ఏళ్ళకి నా వేలికొసల మీద గీతలు మిగల్లేదు.
ఆధార్ మెషీను నన్ను గుర్తుపట్టదు.

బ్యూటీ పార్లర్ సుహాసిని ఒక సీసా దీపం తెచ్చింది
స్కూటీ మీద, హెల్మెట్‌లో పెట్టుకుని.
"వెలుగుతోంది గానీ కదలట్లేదక్కా."

వంగపండు రంగు నీళ్ళు. అడుగున ఎర్రటి ముద్ద,
గిన్నెలో మర్చిపోయిన జున్నులాగా.
యానాంలో కొన్న కొత్తలో బుడగలు బుడగలుగా లేచేదట,
కనుబొమలు తీయించుకునేవాళ్ళు
దాన్నే చూస్తూ మంట మర్చిపోయేవారట.

సీసా పైకెత్తి చూస్తే
అడుగున తీగచుట్ట.
అలవాటు చొప్పున రెండు కొసల కోసం వెతికాను.
ఏ వైరుకీ అంటుకోలేదు అది.
కరెంటు ఎరగని చుట్ట!
నువ్వెందుకున్నావే తల్లీ ఇక్కడ?

ఐటీఐ కుర్రాడు నాగశేషు ఫోన్లో చదివి చెప్పాడు:
పైకెళ్ళి దిగొచ్చిన ముద్దలు
ఒకదాన్నొకటి తాకినా కలవవట,
పైపొర ఒప్పుకోదట.
వేడెక్కిన ఆ తీగ పొరని చిట్లించి
అన్నిటినీ మళ్ళీ ఒక్కటి చేస్తుందట.

ముద్దంటే మైనమే, చర్చి గేటు దగ్గర అమ్మే కొవ్వొత్తుల మైనం.
ఉత్త మైనం నీళ్ళమీద తేలుతుంది.
దీన్ని ముంచడానికి ఏదో బరువు మందు కలిపారు,
ఎంతో చెప్పరు,
మా అత్త పులస పులుసు చెప్పనట్టే.
చల్లగా ఉంటే నీళ్ళకన్నా పిసరంత బరువు,
కాగితే పిసరంత తేలిక.
ఆటంతా ఆ పిసరులో.

అంతర్వేది దగ్గర, పోటు వేళ,
పైన తీపినీళ్ళు, కింద ఉప్పునీళ్ళు
ఒకే పడవ కింద ఎడమొహం పెడమొహంగా నడుస్తాయి.
నాన్న చెంబు పైపైన ముంచుకుని తాగేవాడు.
గెడ కొస నాకితే ఉప్పు.
సాంద్రత అనే మాట బళ్ళో చెప్పేలోపే
నా నాలిక్కి అది తెలుసు.

మూత విప్పితే దొరికింది రోగం.
బిల్లు ఎక్కువొస్తోందని ఎల్‌ఈడీ పెట్టించింది.
పాలలాంటి వెలుగు. ముట్టుకుంటే చల్లన.
"దీనికి కావలసింది వెలుగు కాదు సుహాసినీ.
చలికాలం పేరుకున్న కొబ్బరినూనెకి
టార్చిలైటు చూపిస్తే కరుగుతుందా?"

పాత నలభై వాట్ల బల్బు ఏ కొట్లోనూ లేదు.
శివకోడులో, బాతుపిల్లల్ని పెంచే లోవరాజు దగ్గర
అట్టపెట్టె మీద వేలాడే నాలుగింట్లో ఒకటి ఇచ్చాడు.
"పొద్దున్నకల్లా తెచ్చెయ్యాలండి, ఆయ్."
పిల్లలన్నీ మిగిలిన మూడింటి కిందకి జరిగాయి.

గంట గడిచింది. ఏమీ లేదు.
సుహాసిని రెండో టీ తాగింది.
ఇంకో అరగంటకి ముద్ద ఒళ్ళు విరుచుకుంది.
కాలవలోంచి గేదె మోర ఎత్తినట్టు
తీరిగ్గా ఒక తల లేచింది,
మెడ సాగింది, సన్నబడింది, తెగింది.
పైకంటా పోయి, చల్లబడి,
ఎందుకొచ్చానా అన్నట్టు కాసేపు నిలబడి
దిగింది. తీగచుట్ట మీద కూర్చుంది. కలిసిపోయింది.
సుహాసిని గ్లాసు పట్టుకునే ఉంది.

అప్పుడే కరెంటు పోయింది.
కొట్లో ఫ్యాన్లు ఒక్కొక్కటే రెక్కలు కనబడేంత నెమ్మదై ఆగాయి.
సెల్లు లైటు వేసి చూశాం,
అది మాత్రం ఆగలేదు.
ఒంట్లో ఉన్న వేడితోనే ఇంకొకటి, చిన్నది, పైకి పంపుతోంది.

శివకోడు కూడా ఇదే ఫీడరు.
ఈపాటికి లోవరాజు పెట్టె మీద గోనె కప్పే ఉంటాడు.
సీసాకి అరచెయ్యి ఆనించి
అలాగే కూర్చున్నాను.