గాలికి రేవు మూసిన సాయంత్రం

ఏడింటికి ఇంకా పావుగంట.
ఫోన్‌లో ఎదెల్మీరా గొంతు, ఆ గొంతు చుట్టూ గాలి:
"రేవు మూసేశారు నసారియో, ఈ రాత్రికి ఫెర్రీ లేదు.
పోర్వెనీర్‌లో ఇరుక్కుపోయాను.
తాళంచెవి మెట్టు మీది పాత బూటులో.
కాగితం ఫ్రిజ్ మీద.
నువ్వే చెయ్యాలి."

పోయిన నెల రెండుసార్లు చూపించింది, అవసరానికి ఉంటుందని.
రెండుసార్లూ నేను కిటికీలోంచి
జలసంధి వైపు చూస్తూ ఊఁ కొట్టాను.

మా ఇద్దరి మధ్య ఒక రేకుల కంచె ఉంది.
ఎనిమిదేళ్ళుగా మా మాటలన్నీ దాని గురించే.
ఆ జానెడు నేల ఎవరిదో ఇంకా తేలలేదు.
పిల్లి మాత్రం రెండిళ్ళలోనూ తిని
ఎవరి వైపూ సాక్ష్యం చెప్పలేదు.

దాని పేరు తిసోన్, అంటే కొరివికట్టె.
ఇప్పుడు మీసాల దాకా బూడిదే.
నీళ్ళగిన్నె ముందు కూర్చుని
తాగుతుంది, తాగుతుంది,
ఎంత తాగినా ఎండిపోతూనే ఉంటుంది.

కాగితం కేలెండరు వెనక రాసింది. ఆమె చేతిరాత
వంటగదిలో కేకేసినట్టే ఉంది:
తిన్నాకే సూది. తినకపోతే ఆగి ఫోన్ చెయ్యి.
బుడ్డిని ఊపకు, అరచేతుల మధ్య దొర్లించు.
రెండు గీతలు. రెండే.
పొడిచావో లేదో అనుమానమొస్తే మళ్ళీ పొడవకు.
తూలితే చిగుళ్ళకి తేనె.

ముప్పై నాలుగేళ్ళు ఓడల్లో కరెంటు పని చేశాను.
ఇంజను గది చీకట్లో, వంద తీగల కట్టలో
చచ్చిన తీగని వేళ్ళతోనే పట్టేవాణ్ణి.
ఇప్పుడు కళ్ళద్దాల కింద
వెంట్రుకంత గీతలు రెండు
నీళ్ళలో చేపపిల్లల్లా కదులుతున్నాయి.

యాస్నాకి రోజూ పొద్దున్నే నర్సు వచ్చి సూది వేసేది.
"నేర్చుకోండి, ఐదు నిమిషాల పని" అనేది.
ఆమె సంచీ తెరవగానే నేను పెరట్లో ఉండేవాణ్ణి,
గాలికి మేకులు ఊడాయేమో చూడ్డానికి.
టేపు పట్టుకుని కంచె కొలవడం
ఆ పొద్దుల్లోనే మొదలైంది.
ఇది ఎదెల్మీరాకి తెలీదు.
యాస్నాకి తెలుసనుకుంటాను.

తిసోన్ గిన్నె నాకింది. సగం కాదు, మొత్తం.
మెడ వెనక తోలు పైకి లాగితే
చిన్న గుడారంలా లేచింది.
ఊపిరి బిగబట్టింది నేను.
అదేమో మూతి కడుక్కుంటూనే ఉంది.
అయిపోయింది.
అయిపోయిందా? బొచ్చు తడిమాను, తడి లేదు.
సిరంజి ఖాళీ. అయిపోయింది.

తర్వాత సెలైన్.
సంచీని వేడినీళ్ళ బేసినులో ముంచి,
ముంజేతికి ఆనించి చూసి,
కోటు తగిలించే కొక్కేనికి వేలాడదీశాను,
ఆమె వంటపని ఏప్రన్ పక్కనే.
ఈ సూది లావు. దీనికి గుర్రుమంది.
చుక్క చుక్క చుక్క.
ఎడమ భుజం మీద గూని లేచి
మెల్లగా ముంగాలి వైపు జారింది.
వంద గీత దగ్గర చక్రం తిప్పి ఆపాను.
నా మోకాలు కూడా తడిసింది, ఎక్కడ కారిందో మరి.

తొమ్మిదికి మళ్ళీ ఫోన్.
"చేశావా?"
"చేశాను."
"ఎన్ని?"
"రెండే."
అవతల చాలాసేపు గాలే మాట్లాడింది.
"నువ్వు తిన్నావా" అంది తర్వాత.
తినలేదు. తిన్నానన్నాను.

తూలుతుందేమోనని ఆమె కుర్చీలోనే కూర్చున్నాను,
తేనె సీసా మూత తీసి పెట్టుకుని.
పిల్లి నా ఒళ్ళోకి ఎక్కి
నీళ్ళు నింపిన సంచీలా ఒరిగి నిద్రపోయింది.
అర్ధరాత్రి దాటాక గాలి ఇంకా పెరిగింది.
కంచె రేకు ఒకటి ఊడి
టపా టపా కొట్టుకుంటోంది.
ఎవరి వైపుదో తెలీదు.
లేవలేదు.

పొద్దున్న ఇంటికొచ్చాక చూస్తే
తేనె సీసా మూత నా చొక్కా జేబులోనే ఉంది.