నూట ముప్ఫై ఏడు ముక్కలు

నెలలో రెండో గురువారం
హార్సెన్స్ లైబ్రరీ కింది గది తాళం నేనే తీస్తాను.
డెన్మార్క్ డిసెంబరు, మూడున్నరకే చీకటి.
తడి కోట్లు తగిలించి, ఫ్లాస్కు మూతలు తిప్పి
ఎనిమిది మంది కూర్చుంటారు.
చిన్నవాడికి పదకొండేళ్ళు, పెద్దవాడికి డెబ్భై నాలుగు.
బల్ల మధ్యలో
అరచెయ్యంత డైనోసార్.

గోరంతను కొండంత చేసేవాళ్ళను ఎరుగుదును.
కొండంతదాన్ని గోరంత చేసి
ఆ గోటి మీద మళ్ళీ కొండంత తగువు పెట్టుకునేవాళ్ళను
ఇక్కడే చూశాను.

"మెడ నిలవదు" అంటాడు టోర్బెన్.
ముప్ఫై రెండేళ్ళు బస్సు నడిపినవాడు,
బరువు ఎటు ఒరుగుతుందో వేలికొసకు తెలుసు.
"తోకలో ఇంకో రెండు ముక్కలేస్తే
వాళ్ళ సొమ్మేం పోయింది?"

బియర్తె పళ్ళ డాక్టరు.
మెడతో ఆమెకు పనిలేదు, నోరు తెరిచి చూస్తుంది.
ఆకులు మేసేదానికి ఈ కోరలేమిటని
ఎవరినో కేకలేస్తున్నట్టు అడుగుతుంది.
కళ్ళు స్టిక్కర్లు కాదు, అచ్చు వేసినవి,
అందుకు మాత్రం అర మార్కు.

గుడ్రున్ పాత ముక్క ఒకటి పర్సులోంచి తీసి
దీపం కింద పక్కపక్కన పెడుతుంది.
"ఆ ఆకుపచ్చ కాదిది.
వీసమెత్తు పసుపెక్కింది."
అసలు తోలు రంగు నువ్వు చూశావా అంటాడు టోర్బెన్.
"డైనోసార్‌ది చూడలేదు.
ఈ కంపెనీది నలభై ఏళ్ళుగా చూస్తున్నా."

ఇక ఎస్బెన్.
డబ్బా తెరవడు.
చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు,
ముద్ద నోట పెట్టకుండానే ఉప్పు చాలలేదనే రకం.
అందరికంటే గట్టి అభిప్రాయం అతనిదే:
సీలు తీస్తే సగం చచ్చినట్టేనట.
"తియ్యకపోతే గుడ్డులోనే ఉంటుందిగా"
అన్నాడు మాల్తె, బిస్కెట్టు నములుతూ.
వాడికి పదకొండేళ్ళు.
ఎస్బెన్ డబ్బాను ఒళ్ళోకి లాక్కున్నాడు.

ప్లాస్టిక్ అంటే చమురేగా, చమురంటే ఇవేగా,
దాని ఒళ్ళు దానికే తిరిగొచ్చిందని
టోర్బెన్ ప్రతి ఏడూ చెప్పే మాట.
కాదు, చమురు చాలామటుకు సముద్రపు నాచు నుంచి,
డైనోసార్ల నుంచి కాదంటాడు మాల్తె.
గది కాసేపు చిన్నబోయింది.
"అయితే ఇరుగుపొరుగు అనుకో" అంది గుడ్రున్
కాఫీ వొంపుతూ.

జనవరిలో మాల్తె ముఖం వేలాడేసుకొచ్చాడు.
ముందు కాలికి గోరు లేదు.
బల్ల కింద పాకారు, కోట్ల జేబులు దులిపారు.
బియర్తె సెల్‌ఫోన్ దీపం పట్టి మూలలన్నీ
పంటి సందుల్లా వెతికింది.

అప్పుడు నా అలమారలోంచి జాము సీసా తెచ్చాను.
ఆరేళ్ళుగా వాక్యూమ్ సంచీలోంచి ఏరినవి,
కడిగి దాచినవి.
చెబితే నవ్వుతారని చెప్పలేదు.

వార్తాపత్రిక మీద గుమ్మరించాను.
ఎనిమిది తలలు ఒక్కసారే వంగాయి.
గోళ్ళు, కొమ్ములు, సగం దవడ,
రెండేళ్ళ కిందట గుడ్రున్ ఏడ్చినంత పని చేసిన నీలం రెక్క.
మాట లేదు. టిక్, టిక్ అని
ముక్కలు కదిలే చప్పుడొక్కటే.
మెడ గురించి, రంగు గురించి
ఆ అరగంట ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు.

మాల్తెకు గోరు దొరికింది.
టోర్బెన్ రెండు బూడిదరంగు ముక్కలు తీసి
తోకలో దూర్చాడు.
మెడ నిలిచింది.
సూచనల పుస్తకంలో లేని పని కాబట్టి
ఎస్బెన్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు,
ఐనా అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు.

ఇన్నేళ్ళకు నన్నూ అడిగారు:
ఈ సెట్టు మీద మీరేమంటారు?
"వాక్యూమ్ గొట్టం మోచేతి దగ్గర ఇరుక్కోనంత
చిన్నది చెయ్యడం మంచిదే.
లేదా ఇరుక్కొనేంత పెద్దది. మధ్యరకం వద్దు."

నవ్వుతారనుకున్నాను.
గుడ్రున్ కళ్ళజోడు సర్దుకుని
మినిట్స్ పుస్తకంలో రాసుకుంది,
తొమ్మిదో అభిప్రాయం అని.