టంబల్ బాన్

పయకుంబూ దాటాక వానలో
బస్సు టైరు పేలింది.
పెకన్‌బారులో పామాయిల్ మిల్లువాళ్ళు
నాకోసం కాదు, నా సంచిలోని పంపు సీళ్ళ కోసం
ఎదురుచూస్తున్నారు.
డ్రైవర్ బస్రి మాత్రం
చొక్కా చేతులు తీరిగ్గా మడుచుకుంటూ
"మకాన్ దులు" అన్నాడు.
ముందు తిండి.
సుమత్రా వచ్చిన వారానికి
నాకు అర్థమైన మొదటి వాక్యం.

రేకుల షెడ్డు. నాలుగు బల్లలు.
ధరల పట్టీ లేదు,
క్యాలెండరుంది, అదీ పోయినేడాదిది.
కూర్చున్నానో లేదో
ఫద్లాన్ అనే పన్నెండేళ్ళ కుర్రాడు
ఎడమచేతి పొడుగునా పద్నాలుగు సాసర్లు పేర్చుకుని
ఒక్కటీ తొణక్కుండా నడిచొచ్చాడు.
అడగందే అమ్మైనా పెట్టదన్న మాట
సముద్రం దాటి ఇక్కడిదాకా రాలేదు కాబోలు.

కొబ్బరిపాలలో లేత పనసకాయ,
తోకతో సహా ఏటిచేప,
పిల్లి తోకలా చుట్టుకున్న కొండాకు,
కచ్చాపచ్చాగా నూరి నూనెలో ముంచిన పచ్చిమిరప,
మాడిందేమో అనుకునేంత నల్లగా రెండాంగ్.
మిగతావాటి పేర్లు బస్రి చెప్పాడు,
నోరు మంటెత్తి నేను వినలేదు.
ఆకలి రుచెరగదంటారు గానీ
ఆ పూట నా ఆకలి
ఒక్కో రుచినీ ఆపి ఊరూ పేరూ అడిగింది.

తింటున్నంతసేపూ లోపల ఒకటే లెక్క:
పద్నాలుగు సాసర్లకి ఎంతవుతుంది?
ఆ దేశంలో అందరం లక్షాధికారులమే,
అయినా జేబు తడుముకోవడం తప్పదు.

వెనక పొయ్యి దగ్గర ఒక ముసలావిడ
బాణలిలో గరిటె తిప్పుతూనే ఉంది.
తెల్లవారకముందు మొదలుపెట్టిందట, ఇంకా కాలేదట.
ఒక్కసారీ ఇటు తిరగలేదు.
నేను తిన్నది ఆమె నిన్నటి రోజు.

"షాపు ఎవరిది?"
"ఆవిడది. తర్వాత ఉని యుస్నిమార్‌ది.
తర్వాత బడికెళ్ళిందే, ఆ పిల్ల యెల్మిది.
మా దగ్గర ఇళ్ళూ పొలాలూ ఆడవాళ్ళవి.
మేం చుట్టపుచూపుకి వచ్చినట్టే"
అన్నాడు బస్రి, ఎముక చీకుతూ,
గొంతులో ఏ ఫిర్యాదూ లేకుండా.

యుస్నిమార్ వచ్చి బల్లకేసి ఒక్క చూపు చూసింది.
ముట్టని సాసర్లు పక్కకి జరిపింది.
ఏ గిన్నెలో ఎన్ని ముక్కలు తగ్గాయో
ఆమె కళ్ళకి తెలుసు.
పనస పులుసు మూడుసార్లు పోసుకున్నానని
నేనే ఒప్పుకున్నాను.
నవ్వి ఏదో అంది.
"ముక్కకే డబ్బులు, పులుసు చంటిపిల్ల.
దానికి టికెట్ లేదు" అని బస్రి తర్జుమా.

ఇంతలో హారన్.
చేయి సరిగా కడుక్కోకుండా పరిగెత్తాను.
కిటికీలోంచి, వానలోంచి,
చెక్కమీద ఎర్రక్షరాలు కనిపిస్తే
టికెట్ వెనక తెలుగులో రాసుకున్నాను:
టంబల్ బాన్.
ఎంత గుండ్రటి పేరు!
ఆ ముసలావిడ మొగుడి పేరై ఉంటుందనుకున్నాను.

మర్నాడు మిల్లులో ఇంజినీర్ హెన్‌డ్రిజాల్
"దారిలో ఎక్కడ తిన్నారు?" అనడిగాడు.
టికెట్ తిప్పి గర్వంగా చదివాను.
అతని కాఫీ కప్పు వణికింది, తర్వాత భుజాలు,
తర్వాత గది గదంతా.
టంబల్ బాన్ అంటే
ఇచ్చట పంక్చర్లు వేయబడును.

పక్క కొట్టు బోర్డది.
అసలు షాపుకి బోర్డే లేదు.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ అదే దారి.
కిటికీ పక్క సీటు అడిగి మరీ తీసుకున్నాను.
మలుపుకో టంబల్ బాన్.
ముప్పై ఏడు దాకా లెక్కపెట్టాను.
ప్రతిదాని పక్కనా ఒక రేకుల షెడ్డు,
ప్రతి షెడ్డులోంచీ పొగ.
ఏదో ఒకదాంట్లో
ఎడమచేయి ఇంకాస్త పొడుగైన ఫద్లాన్ ఉంటాడు.

డ్రైవర్ ఎవరో కొత్తవాడు.
బస్సుకి అన్నీ కొత్త టైర్లే.