పోటులోనా, ఆటులోనా

మనీలా నుంచి వచ్చిన కాగితంలో
నాలుగో గడి అడిగింది:
మీ మునిసిపాలిటీ విస్తీర్ణం ఎన్ని హెక్టార్లు?

ఎపిఫానియా గారు కళ్ళజోడు తుడుచుకుని
నావైపు చూశారు.
"పోటులోనా, ఆటులోనా?"
గడిలో అందుకు చోటు లేదు.

ఇరవై రెండేళ్ళుగా ఆవిడ టేపుకి రెండో కొస నాది.
హినబుయన్ ఎక్కడి నుంచి ఎక్కడికో
మమ్మల్నే అడగాలి:
ఉత్తరాన కొండ, దాని వీపున అబకా తోటలు,
పడమర ఏరు, ఏటి మలుపున మడచెట్లు,
దక్షిణాన పక్క ఊరితో తెగని తగాదా.
తూర్పు హద్దు మాత్రం
రోజుకు రెండుసార్లు మాట మారుస్తుంది.

ఆటు వేళ సముద్రం వెళ్ళిపోతుంది,
చెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ చేసిన అద్దెవాడిలా.
అరమైలు నేల బయటపడుతుంది.
బురద, నాచు, విరిగిన పగడాలు,
నడుములు వంచి గుల్లలేరే ఆడవాళ్ళు.
మా చరిత్ర చాలామటుకు
ఆ అరమైలులోనే ఉంది.

వరసగా మోడులు, అవి అమెరికావాళ్ళ కాలపు రేవు.
కురిడీ మూటలు మోసీ మోసీ
మా తాత భుజాన కాయ కాసింది.
రేవు ముందు పోయింది, కాయ ఆయనతో పోయింది.

ఇంకాస్త ముందుకెళితే నల్లబడ్డ రాళ్ళు,
మొదటి చర్చి పునాది.
స్పెయిన్ పాదిరీ పగడపు రాయి కోయించి
గుల్లసున్నంలో
వేల గుడ్ల తెల్లసొన కలిపించాడట.
పచ్చసొనలు ఎవరు తిన్నారో
ఏ దస్తావేజులోనూ లేదు.
"మనం మాత్రం కాదు" అనేది మా అమ్మమ్మ.

దక్షిణాన తెరచాపలు కనబడితే
బురుజు మీద శంఖం ఊదేవారు.
ఊరు ఊరంతా వట్టి చేతులతో కొండెక్కేది.
దిగివచ్చాక
కొన్ని పేర్లు పిలిచినా పలికేవి కావు.
పిల్లి కూనల్ని ఏడిళ్ళు తిప్పినట్టు
గంటనీ, పునీతుడి కొయ్యబొమ్మనీ మోసుకుని
మూడు చోట్లకు మారాం.
పేరు మాత్రం అదే.

జపాను సైన్యం దిగిన ఏడు
కరిగించి తూటాలు పోస్తారని
తెలెస్ఫోరో అనే జాలరి
రాత్రికి రాత్రి గంటని పడవకెత్తి
నీళ్ళలో దించేశాడు.
చోటు పెళ్ళానికొక్కదానికే చెప్పాడు,
మళ్ళీ తిరిగి రాలేదు.
యుద్ధమయ్యాక ఎంతమంది అడిగినా
"వినబడటం లేదూ? అక్కడే" అనేదట ఆవిడ.
ఆవిడకి పుట్టుచెవుడు.

నేను టేపు పట్టిన తొమ్మిదో ఏట తుఫాను
సమాధుల దొడ్డిలో రెండు వరసలు తీసుకుపోయింది.
మూడో వరస ఇప్పటికీ ఉంది,
ఆటులో ఉంటుంది.
ఏటా కొలతలప్పుడు
ఎపిఫానియా గారు చెప్పులు చేతబట్టుకుని
అంతదూరం నడుస్తారు.
టేపు కొసను ఓ సిలువ మొదట్లో ఆనించి
కాసేపు అలాగే ఉంటారు.
అంకె చెప్పమని నేనెప్పుడూ తొందరపెట్టలేదు.
ఆ సిలువ మీద వాళ్ళమ్మ పేరు
సగం నత్తలు తినేశాయి.

నాలుగో గడిలో ఆటు అంకె వేశారావిడ.

నెల తిరక్కుండా జవాబొచ్చింది:
పాత లెక్కకన్నా నలభై హెక్టార్లు ఎక్కువ,
కారణం తెలుపగలరు.
దాన్ని రెండుసార్లు చదివి,
గాలికి పోకుండా పైన ఓ గవ్వ పెట్టి,
గోడమీది పోటుపాట్ల పట్టిక చూశారు.

"రేపు అయిదున్నరకి ఆటు.
టేపుతో పాటు
ఓ సుత్తీ, మేకులూ కూడా పట్టుకురా."