సంచి బరువు

గోరోకా కొండల్లో కాఫీ పళ్లు ఎరుపెక్కే నెల.
వాగు సన్నబడి రాళ్ల మధ్య దారి వెతుక్కునే నెల.
మా పిల్లల వార్డులో మంచాలు చాలక
నేల మీద చాపలు పరిచే నెల.

నేను డాక్టర్ని కాను.
పసివాళ్ల విరేచనాన్ని చిన్న గరిటెతో తీసి
సీసాలో పోసి, అంకె అంటించి
ల్యాబుకు మోసేవాణ్ణి.
సముద్రం ఒడ్డున ఉన్న మా అమ్మకు ఇంకా చెప్పలేదు
పని ఫలానా అని.
ఆస్పత్రిలో ఉద్యోగం, అంతే.

సిపోరా తెల్లవారుజామున వచ్చింది.
నుదుటి మీంచి వీపుకు వేలాడే బిలుమ్,
నారతో అల్లిన సంచి.
అందులో ఆసినో, పదకొండు నెలలవాడు.
"ఎన్నిసార్లయ్యాయి?" అంది నర్సు కెరెమే.
లెక్క చెప్పలేదు సిపోరా.
నుదుటి మీద తాడు ఒరుసుకున్న గీత చూపించింది.
"మొన్న ఈ తాడు ఎముక దాకా దిగింది.
ఇవాళ దారంతా
వీడు ఉన్నాడో లేడోనని
చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంటూ వచ్చాను."

మా తూకపు యంత్రం అదే మాట
కాస్త ఆలస్యంగా, గ్రాముల్లో చెప్పింది.

కెరెమే వాడి పొట్ట మీది చర్మాన్ని
రెండు వేళ్లతో పట్టి వదిలింది.
మడత అలాగే నిలబడిపోయింది,
తర్వాత నెమ్మదిగా, ఇష్టం లేనట్టు పడుకుంది.
మాడు గుంటపడింది.
ఏడ్చాడు.
నోరు ఏడ్చింది, ముఖమంతా ఏడ్చింది,
కంట్లో చుక్క లేదు.

నాకు కావలసింది నాకు దొరికింది:
సీసా నిండా పసుపుపచ్చ నీళ్లు.
రెండు వందల పన్నెండు.
ఆ పులిసిన వాసన ఇప్పుడు
తిండి దగ్గర కూడా నాకు అడ్డు రాదు.
అడ్డు రాదన్న సంగతి గుర్తొస్తే మాత్రం
ముద్ద దిగదు.

కాగితపు పట్టీ మీద మొదట ఒక గీత.
టీ చల్లారేలోపు రెండోది.
పుస్తకంలో దాని బొమ్మ ఉంది, చక్రంలా:
కుండ, ఆకులు, అంచు, అన్నీ కుదిరిన చక్రం.
బండి చక్రం కంటే ముందు
విమానాన్ని చూసిన కొండలివి అంటారు పెద్దలు.
ఈ చక్రం అంతకన్నా ముందే వచ్చి ఉంటుంది
ఎవరి గోరు కిందో,
ఎవరూ రోడ్డు వెయ్యకుండానే.

టీకాల పెట్టె నిరుడు రోడ్డు చివరి దాకా వచ్చిందట.
రోడ్డు చివర నుంచి సిపోరా ఊరికి
మూడు వాగులు.

ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో పోసింది.
కక్కేశాడు.
మళ్లీ పోసింది. మళ్లీ.
చేతిలో నరం దొరకలేదు, కాలిలో దొరకలేదు.
చివరికి నుదుటి పైన,
తల్లికి తాడు పడే చోటే,
వాడికి సూది నిలిచింది.

కిటికీ పక్క చాప మంగళవారం ఖాళీ అయింది.
రెండు వందల తొమ్మిది.
ఆ తల్లి మెట్లు దిగుతుంటే చూశాను.
పిల్ల లేకపోయినా
సంచి పిల్ల ఆకారంలోనే వేలాడింది.
అల్లిక అంతేనట, ఉతికి ఆరేస్తేగాని బిగుసుకోదట.
ఆ సాయంత్రం ఫలితం గడిలో రాశాను,
రెండు గీతలు.
ఎవరికి చెప్పాలో
ఆ కాగితంలో గడి లేదు.

రెండో రాత్రి, మూడు దాటాక,
సిపోరా గట్టిగా నవ్వింది.
చాపల మీది తల్లులంతా లేచి కూర్చున్నారు.
ఆసినో ఆమె ఒడి నిండా ఒంటికి పోశాడు.
తడి బట్టను జెండాలా ఎత్తి చూపిస్తోంది.
అలవాటు కొద్దీ నేను సీసా మూత తీశాను.
"ఇది నీకు కాదు" అంది కెరెమే.

శుక్రవారం సంచి నుదుటికి తగిలించుకుంది.
నాలుగడుగులు వేసి ఆగింది,
తాడు సర్దుకుని
"అబ్బ, వీడి బరువు" అని విసుక్కుంది.
ఆ విసుగు ఇంకొంచెం వినాలనిపించింది.
కానీ నా చేతిలో
ఇంకా ఏడు సీసాలున్నాయి.