గేజి రిజిస్టరులో ఒక మాట

సంగం సెక్షన్ ఆఫీసులో
చెదలు వదిలిపెట్టిన పాత గేజి రిజిస్టరు.
పద్దెనిమిదొందల తొంభై మూడు, అక్టోబరు.
వాలు చేతిరాతలో ఎవరో దొర:
నీటిమట్టం ఇంత, గాలి తూర్పు,
తలుపుల వెనక సల్లేజ్ మూడడుగులు.
పేజీ అంచున ఎండిన బురద వేలిముద్ర.
రాసింది గట్టు మీదివాడు,
కొలిచింది నీళ్ళలో దిగినవాడు.

సిల్ట్ అని కదా రాయాలి.
నాలుగేళ్ళ ఇంజనీరింగులో
ఈ మాట నాకెక్కడా తగల్లేదు.

రాత్రి నిఘంటువు తీశాను.
ఒక్క మాటకు మూడు గదులు.
ఇంట్లోంచి వీధిలోకి పారే మురికి,
కరిగిన లోహం మీద తేలే చిట్టెం,
ఏరు మోసుకొచ్చి దించిపోయిన మన్ను.
పుట్టుక తెలియదని సన్నని అక్షరాలు.
ఫ్రెంచివాళ్ళ 'మైలపరచు' నుంచి కావచ్చు,
దానికీ వెనక లాటినులో
రొంపిలో పొర్లే పందిపిల్ల కావచ్చు.
మాటల మొదళ్ళు వెతుకుతూ పోతే
కాళ్ళకింద ఈ కావచ్చులే
మెత్తగా దిగబడుతుంటాయి.

సిల్ట్ కూడా చూశాను.
దాని అడుగున ఉప్పు ఉంది కావచ్చునట.
ఇసకపల్లి ఉప్పు కయ్యల్లో
మా మేనత్త మడమల పగుళ్ళు గుర్తొచ్చి
పుస్తకం మూసేశాను.

మర్నాడు లస్కరు మస్తానయ్యను అడిగాను,
దీన్ని మీరేమంటారని.
గట్టు దిగి, మోకాటి లోతుకు పోయి,
పిడికెడు తెచ్చి నా అరచేతిలో పెట్టి
అప్పుడు చెప్పాడు:
"యాడ పడిందో చూసి అనాల మేడమ్.
కాలవకి అడ్డం పడితే పూడిక.
చేలో ఇసక పడితే మేట, ఇంక ఆ రైతు పనైపోయినట్టే.
మెత్తంది పడితే వండు, ఆ యేడు ఎరువు తోలే పన్లా.
నూనె కుండలో అయితే మడ్డి.
నా బుర్రలో ఉండేదానికి
మా ఆడమనిషి వేరే పేరు పెట్టుండాది."

వండు అని ఎందుకంటారు?
"ఏరు వండింది కదా!"

ఏ పండితుడూ ఒప్పుకోడు.
నా అరచెయ్యి ఒప్పుకుంది,
ఇంకా వెచ్చగానే ఉంది మరి.

"ఇప్పుడు వండు ఏడొస్తుండాది మేడమ్,
పైన సోమశిల కాడే కూలబడిపోతుండాది.
బీరాపేరు తెచ్చేదే ఈ కాస్త.
మనకొచ్చేవన్నీ తేట నీళ్ళు.
తేట నీళ్ళకి ఆకలెక్కువ.
చూడు, గట్లు ఎట్ట కొరుక్కు తింటుండాయో."

తేట నీళ్ళకు ఆకలెక్కువ.

ఆత్మకూరు బళ్ళో ఎనిమిదో తరగతి.
సుభాషిణి టీచరు నా నోట్లో
ఇండుపగింజ అరగదీసింది.
'వస్తుండా' అంటే బెత్తం,
'వస్తున్నాను' అంటే చప్పట్లు.
యాడికి, ఎట్ట, ఉండాది
ఒక్కొక్కటే అడుక్కి దిగి
నేను తేటతెలుగునైపోయాను,
గ్లాసెత్తి చూస్తే అవతలి గోడ కనిపించేంత.
ఉద్యోగానికి పనికొచ్చింది, అబద్ధమాడను.
కానీ ఆ తర్వాత ఎవరితో మాట్లాడినా
వాళ్ళ ఒడ్డు కాస్త కోసుకుపోతూనే ఉన్నాను.

కాలవలు కట్టేశాక పూడికతీత అంచనా పంపాలి.
పదార్థం అన్న గడిలో సిల్ట్ అని రాసి కొట్టేశాను.
సల్లేజ్ అని రాస్తే
మురికికి ఓ రేటు, మన్నుకు ఓ రేటు,
పందిపిల్లకు ఆడిట్ అభ్యంతరం.
వండు, అని రాశాను.
ఎత్తి పారెయ్యడం కాదు, పొలాలకు తోలడం, అని కూడా.

సాయంత్రం నెల్లూరు నుంచి ఈఈ గారి ఫోను.
"ఏంటమ్మా ఈ వండు? డిపార్టుమెంటులో
ఎక్కడుంది ఈ మాట?"

నోరు తెరిచాను.
వందేళ్ళ నాటి తలుపేదో కిర్రుమంది.

"ఈడే ఉండాది సార్."