మాసికలు

ఏటా ఒక్కసారే కొండ దిగుతుంది రాజుగారి అంగీ.
మోసుకొచ్చేది రగ్లాయ్ వాళ్ళు, పేముపెట్టెలో.
ఈసారి పినాంగ్ బోలో మోటారుసైకిల్ మీద వచ్చాడు
పెట్టెను పసిపిల్లలా ముందు కూచోబెట్టుకుని.

"ఎలక కొట్టింది చెల్లీ, చంక కింద" అన్నాడు
తానే కొరికినంత సిగ్గుతో.

పండక్కి మూడు రోజులుంది.
సూది నాది, దారం నాది.
నాకు ముందు మా అమ్మ, ఆమెకు ముందు అమ్మమ్మ.
మా చామ్ ఇళ్ళలో ఆస్తి ఆడపిల్లకే.
రాజ్యం మాత్రం మగాళ్ళకిచ్చాం,
చూశారుగా.

చాప మీద పరుస్తాను.
మెడ చుట్టూ జరీ, ఓడలు వచ్చిన రోజులది.
అడవిలో అగరు నరికితే
రేవులో చీనావాడు తూకానికి తూకం వెండి పోసిన కాలం.
ఇటుక మీద ఇటుక నూరి
సున్నం చుక్క కనపడకుండా గోపురాలు లేపారు.
శివలింగానికి రాజు తన ముఖం పెట్టించాడు,
తన పేరుకు వర్మ తగిలించుకున్నాడు.
ఆచంద్రార్కం నా వంశం అని
రాతి మీద సంస్కృతంలో చెక్కించాడు.
చంద్రుడున్నాడు.
నిన్న రాత్రే చూశాను.

ఎడమ చేతికి కాలిన చిల్లు.
ఉత్తరాది సైన్యం ఏ రాజధానిని తగలబెట్టినప్పటిదో,
అమ్మమ్మ అడిగినప్పుడల్లా వేరే ఊరు చెప్పేది.
ఒక కోట పోతే దక్షిణానికి జరిగారు,
అదీ పోతే ఇంకాస్త దక్షిణానికి,
ఎదురుగాలికి దీపం పట్టుకుని
వెనక్కి వెనక్కి నడిచినట్టు.
చివరికి మిగిలింది
ఇసుక, నాగజెముడు, మేము.
ఓడలు బళ్ళవుతాయంటారే,
మావి ఉప్పుబళ్ళయ్యాయి.

పారిపోతూ పారిపోతూ ఆఖరి రాజు
బట్టలు కొండవాళ్ళ చేతిలో పెట్టాడట:
మళ్ళీ వస్తా, దాచండి.
దాచారు.
వాళ్ళ మీద పన్ను వేసినవాడే,
అగరు కోసం వాళ్ళను పులుల మధ్యకు తోలినవాడే.
"ఎందుకు దాచారు బోలో?" అంటే
టీ ఊదుకుంటూ అంటాడు:
"దాచమన్నాడు కదా."

దారం ఎక్కించాను.
చంక దగ్గర పాత నేత ఎంత వెతికినా దొరకదు.
నీలం కుట్లు అమ్మమ్మవి, గోధుమరంగువి అమ్మవి,
వాటి అడుగున ఎర్రపోగు ఒకటి,
ఎవరిదో, ఆమె పేరు అమ్మమ్మకూ తెలీదు.
వీపంతా మేమే.
చేతులు సగం మేమే.
రాజు ఇంకా ఉన్నది మెడ దగ్గర, జానెడు.

ఎల్లుండి దీన్ని దేవుడైన రాజుకు తొడుగుతారు.
తాబేటిచిప్ప వాద్యం రెండు తీగల మీద ఏడుస్తుంది.
అందరూ దండం పెడతారు.
నేను స్తంభం పక్కన నిలబడి
కుట్టు ఊడలేదు కదా అని చూస్తుంటాను.

జరీ దగ్గర కూడా ఒక పోగు లేచింది.
కత్తిరిద్దామని పళ్ళ దాకా తెచ్చి
లోపలికి దోపేశాను.

"వచ్చే ఏడు కలరా ఉండలు వేస్తా" అన్నాడు బోలో.
"వెయ్యి" అన్నాను.
"ఎలకలకు రాజెవరో ఏం తెలుసు."